బ్రెడ్డు ప్యాకెట్టు రాని జబ్బు

మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో చేతులు కడుక్కుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ డ్యూటీ వేళ ఎప్పుడూ ఫోన్ చేయదు. ఆమె పనిచేసే టవర్‌లో హౌస్‌కీపింగ్ వాళ్లు ఫోన్లు కింద గదిలో పెట్టి పైకి పోవాలి. అందుకే ఆమె నంబరు చూడగానే తడి చేత్తోనే ఫోన్ ఎత్తాను.

"రొట్టెల పెద్దమ్మ పోయింది బిడ్డా" అంది. వెనక ఆసుపత్రి లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు వినిపించింది. "వాడు బెంచి మీద కూసున్నడు. వానికి ఇంక ఎవ్వలు చెప్పలె. నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతె ఇంటడు."

వాడు అంటే పెద్దమ్మ కొడుకు. నేను అన్న అని పిలుస్తాను. నేను వెళ్లి చెప్పాను. అన్న నా మొహం చూడకుండా నేలమీది టైల్స్ చూస్తూ విన్నాడు. "నొప్పి లేసిందా?" అని అడిగాడు. నిద్రలోనే పోయిందట అన్నాను. తల ఊపాడు. అంతే. చూసేవాళ్లకు ఏమనిపించిందో నాకు తెలుసు. పెద్దమ్మ తమ్ముడు అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, "సూసినవా, తల్లి సచ్చిన దుక్కం గూడ తెలుస్తలేదు వానికి" అని ఎవరితోనో అన్నాడు. అన్న చేతులు మాత్రం ఒడిలో కదులుతున్నాయి. ఎడమ అరచేతిని కుడి అరచేత్తో మెల్లగా తిప్పుతున్నాడు, పెనం మీద రొట్టెను తిప్పినట్టు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. పుప్పాలగూడలో మేం కిరాయికి ఉంటున్న గదుల వరుసలో మా పక్క గది వాళ్లది. వాళ్లదీ పాలమూరు వైపే. మా అమ్మకన్నా పెద్దది కాబట్టి పెద్దమ్మ. పొద్దుగూకే వేళ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ నుంచి బండ్లు వచ్చే మూలమలుపులో పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కొట్టేది. షుగర్ ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు, ఇంటికి పోయి వండుకునే ఓపిక లేని పిల్లలు, అందరూ ఆగేవాళ్లు. ఇది చదివే మీలో కూడా ఎవరో ఒకరు బండి దిగకుండానే ఆమె చేతి రొట్టె తీసుకుని ఉంటారు. అయితే ఆమె పక్కన కూర్చుని రొట్టెలు తిప్పే మనిషిని కూడా చూసే ఉంటారు. అతనే అన్న.

రొట్టె కొట్టడం ఆమె పని, పెనం అన్న పని. ఆమె పీట మీద రెండు చేతులతో చప్పుడు చేస్తూ రొట్టెను సాగదీసి పెనం మీద వేసేది. అన్న పైన తడిగుడ్డతో ఒకసారి ఒత్తి, ఆవిరి లేవగానే తిప్పేవాడు. ఎప్పుడు తిప్పాలో అతనికి ఎవరూ చెప్పే పని లేదు. కొన్ని రోజులు పెదాలు కదిలిస్తూ తనలో తనే మాట్లాడుకునేవాడు. కొన్ని రోజులు ఎవరో పిలిచినట్టు తల వెనక్కి తిప్పి చూసేవాడు. చేయి మాత్రం రొట్టెను మాడనిచ్చేది కాదు.

ఇంటర్ చదివే రోజుల్లో అతనికి ఎవరూ లేని చోట మాటలు వినబడడం మొదలైంది. ఊళ్లో గాలి సోకిందన్నారు. తాయెత్తులు కట్టారు, నిమ్మకాయలు తిప్పారు, ఒకచోట గొలుసుతో కట్టేసి మూడు వారాలు ఉంచమన్నారట. ఆ మాట వినగానే పెద్దమ్మ కొడుకును తీసుకుని బస్సెక్కింది. భర్త అప్పటికే లేడు. పట్నంలో పెద్ద దవాఖానలో చూపించి, నెలనెలా మందులకు రావాలంటే ఇక్కడే ఉండాలని అర్థమై ఇక్కడే ఉండిపోయింది.

ఆ దవాఖాన ఉన్న ఎర్రగడ్డ అనేది మా దగ్గర ఊరి పేరు కాదు, తిట్టు. పిల్లలు కొట్లాడుకుంటే "నిన్ను ఎర్రగడ్డల ఏస్త" అంటారు. పెద్దమ్మ ఒక్కతే ఆ మాటను మామూలు ఊరి పేరులా పలికేది. నల్లా దగ్గర బిందె పెట్టి, "రేపు పొద్దున ఎర్రగడ్డకు పోతున్న అక్కా, పిల్లగాని మందులకు. జర నా బిందె గూడ నింపిపెట్టుండ్రి" అనేది. నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కసారి చూపులు దించుకునేవాళ్లు. మా అమ్మ ఇంటికొచ్చి, "గా ముచ్చట గంత గట్టిగ చెప్పాల్నా?" అని గొణిగేది. మోకాళ్ల నొప్పులకు ఏ ఆసుపత్రికి పోయిందీ మా అమ్మ కూడా ఆ నల్లా దగ్గరే చెప్పేదని అప్పట్లో నాకు తట్టలేదు.

సాయంత్రం పొయ్యి వెలిగించాక మొదటి రొట్టె కన్నా ముందు వాళ్లిద్దరికీ ఒక పని ఉండేది. పెద్దమ్మ కొంగు ముడి విప్పి అరచేతిలో రెండు గోలీలు పెట్టుకునేది. "ఇది నాది, ఇది నీది" అనేది. ఆమెది బీపీ గోలీ. ఒకే చెంబులో నీళ్లు ఇద్దరూ తాగేవాళ్లు. రోడ్డు మీద, బండ్ల ముందు, అందరూ చూస్తుండగానే. ఎవరైనా ఆ గోలీలు దేనికని అడిగితే, "నాది గుండెకు, వానిది తలకు. రెండు ఒంట్లయే కదా" అని రొట్టె పనిలోకి దిగేది.

ఒకసారి నేను ఆమె దగ్గర నిలబడి ఉండగా ఒక మేడమ్ వచ్చారు. రోజూ వచ్చే మనిషే, మర్యాదస్తురాలు, కోస్తా వైపు ఆవిడ. ఆ రోజు అన్నకు కొంచెం బాగాలేదు, మాటలు పైకే వస్తున్నాయి. ఆమె గొంతు తగ్గించి, "ఏమీ అనుకోవద్దండి. పిల్లలు భయపడుతున్నారు. మీ అబ్బాయిని కాస్త వెనకగా కూర్చోబెడితే బాగుంటుందేమో" అన్నారు.

పెద్దమ్మ చేతులు ఆగలేదు. "మీ సారు కాలు ఇరిగినప్పుడు కట్టుతోని వచ్చి గీ స్టూల్ మీద కూసున్నడు గద మేడమ్" అంది. "మీ పిల్లలు గా కట్టు మీద పేర్లు రాసిన్రు. నేను జెప్పిన్నా, సారును ఎనక కూసోమని?"

ఆ మేడమ్ మొహం ఎర్రబడింది. ఆ రోజు రొట్టెలు తీసుకోకుండానే వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లు రాలేదు. మళ్లీ ఎప్పుడో వచ్చారు. వచ్చినప్పుడు అన్నను చూసి, కొత్తగా నేర్చుకున్న పనిలా, "బాగున్నారా అండి?" అని అడిగారు. అన్న "బాగున్న" అన్నాడు. అంతకన్నా పెద్ద మార్పు లోకంలో వచ్చిందని నేను చెప్పలేను. కానీ పెద్దమ్మ ఆ రోజు ఆవిడకు వేసిన రొట్టె మీద నూనె కాస్త ఎక్కువగానే రాసింది.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఈమెకు నేను ఎందుకు రుణపడి ఉన్నానో మీకు తెలియదు.

మా ఇంట్లో బడి మెట్లు ఎక్కి డిగ్రీ దాకా పోయింది నేనే. నాన్న నార్సింగిలో ఒక గేటెడ్ కమ్యూనిటీ దగ్గర సెక్యూరిటీ. నాకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న తన గేటు దగ్గర వచ్చీపోయే కార్లవాళ్లందరికీ చెప్పాడట. ఆ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను పొద్దున లేవలేకపోయాను. జ్వరం లేదు, నొప్పి లేదు. మంచం అంచు దాకా కూడా జరగలేకపోయాను. స్నానం చేయడం కొండెక్కినట్టుండేది. ఏడుపు వచ్చేది, ఎందుకో తెలిసేది కాదు. నాన్న నన్ను దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్ చాలాసేపు మాట్లాడి, ఇది మనసుకు వచ్చే జబ్బనీ, మందులతో తగ్గుతుందనీ చెప్పారు. బయటికొచ్చాక నాన్న చెట్టుకింద నిలబడి చాలాసేపు మందుల చీటీ మడతపెట్టి విప్పి మళ్లీ మడతపెట్టాడు. ఇంటికొచ్చాక అమ్మా నాన్నా కలిసి ఒక నిర్ణయానికొచ్చారు. నాకు కామెర్లు.

ఎందుకో వాళ్లు చెప్పాల్సిన పనిలేదు. పెళ్లి కావాల్సిన పిల్ల. "కామెర్లొస్తె పోతయి. గిదొచ్చిందని తెలిస్తె పేరు పోతది" అంది అమ్మ. ఆఫీసుకూ అదే చెప్పాం. అక్కడ మేనేజర్ వెంటనే సెలవు ఇచ్చి, మజ్జిగ బాగా తాగమని మెసేజ్ పెట్టారు. తోటివాళ్లు పండ్ల బుట్ట పంపారు. ఏడాదికొకసారి మా ఆఫీసులో మానసిక ఆరోగ్యం గురించి బెలూన్లు కట్టి, మనసులో ఉన్నది చెప్పుకోండని పోస్టర్లు అంటిస్తారు. ఆ పోస్టర్లు అంటించిన వాళ్లే నాకు ఆపిల్ పండ్లు పంపారు. కామెర్లకు.

మా వరుసలో అయితే ఇక చెప్పక్కర్లేదు. మా దగ్గర రోగిని చూడడానికి వట్టి చేతులతో పోరు. బ్రెడ్డు ప్యాకెట్టు, పాల ప్యాకెట్టు, కలిగితే కొబ్బరి బోండాలు. చివరి గదిలో ఉండే సెంట్రింగ్ మేస్త్రీ స్లాబు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు వాళ్ల గదిలో కూర్చోవడానికి చోటు లేనన్ని బ్రెడ్లు వచ్చాయి. స్టూలు మీద కాలు పెట్టుకుని ఆయన దర్జాగా కూర్చుంటే పెద్దమ్మ, "పెండ్లికొడుకు లెక్కున్నడు, బాసింగం ఒక్కటే తక్కువ" అని నవ్వించింది. ఇప్పుడు ఆ బ్రెడ్లన్నీ నా దగ్గరికి వచ్చాయి. మేస్త్రీ భార్యయితే పొద్దున్నే నేల ఉసిరి దంచి పసరు పిండి గ్లాసులో పట్టుకొచ్చేది. నేను తాగేదాకా కదిలేది కాదు. నా కనురెప్పలు కిందికి లాగి చూసి, "ఇంక పచ్చగనే ఉన్నయి" అనేది. వచ్చినవాళ్లు చూస్తారని అమ్మ కూరల్లో ఉప్పు, కారం, నూనె అన్నీ మానేసింది. నేను రోజూ చప్పటి చారు, మజ్జిగన్నం తింటూ, లోపల ఒకటి, బయట ఒకటి మోస్తూ పడుకున్నాను.

పెద్దమ్మ కూడా బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకునే వచ్చింది. అందరి మధ్యా కూర్చుంది. నా కళ్లలోకి చూసి లేచి వెళ్లింది. మర్నాడు అందరూ పనులకు పోయిన వేళ మళ్లీ వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు చాటు నుంచి గిన్నె తీసింది. వేడి జొన్నరొట్టె, దాని మీద నూరిన పచ్చిమిరపకాయ తొక్కు. కామెర్ల మనిషి కన్నెత్తి కూడా చూడకూడని తొక్కు.

"తిను" అంది. "నీ కండ్లు పచ్చగ లేవు. నాకు తెల్వదా గా చూపు. ఇంట్ల చూస్తలేనా రోజు."

నేను ఒక ముక్క తిన్నాను. కారం నషాళానికెక్కింది. ముక్కు నుంచి, కళ్ల నుంచి నీళ్లు. ఆ నీళ్లతో పాటు లోపల ఉన్నది కూడా వచ్చేసింది. చాలా రోజుల తర్వాత ఒక కారణంతో ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఊరుకో అనలేదు. నీకేం తక్కువ అనలేదు. మంచి ఉద్యోగం ఉంది కదా అనలేదు. చివరికి, "గోలీలు ఏస్కుంటున్నవా?" అని మాత్రం అడిగింది. వేసుకుంటున్నానన్నాను. "ఆపకు. మంచిగైంది గద అని నడిమిట్ల ఆపకు. మావోడు ఒకపారి ఆపిండు" అంది. తర్వాత పొయ్యి వెలిగించే వేళయిందని లేచింది. తలుపు దగ్గర ఆగి ఒక మాట అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"జరమొస్తె బ్రెడ్డొస్తది. గిదొస్తె తాయెత్తొస్తది. మీ అమ్మను తప్పు పట్టకు బిడ్డా, బ్రెడ్డు రావాలనే కామెర్లన్నది."

నేను కోలుకునేదాకా ఆ గిన్నె రోజూ వచ్చింది. మా అమ్మకు తెలుసు. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేది అమ్మే. ఇద్దరూ ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఈ చలికాలంలో పెద్దమ్మకు మొదటిసారి గుండెనొప్పి వచ్చింది. పెనం ముందే ఒరిగిపోయింది. మేం వార్డులో చూడడానికి వెళ్లేసరికి ఆమె మంచం పక్క కిటికీ గట్టంతా బ్రెడ్డు ప్యాకెట్లు. మా వరుస అంతా వచ్చి పోయింది. రొట్టెలు కొనేవాళ్లు కూడా ఎలా తెలుసుకున్నారో వచ్చారు. ఊరి నుంచి తమ్ముడు వచ్చాడు. ఆమె వాటిని చూసి నవ్వుతోంది. నవ్వు మొహం మీదే ఉంది, కళ్ల దాకా పోలేదు.

"ఒక ముచ్చట చెప్తా, ఎవ్వలకు చెప్పకు" అంది నాతో. అన్న అప్పుడు మందుల కోసం కిందికి పోయాడు. "వానికి బాగలేనప్పుడు, నేనే దుకాణంల బ్రెడ్డు కొనుక్కొస్త. పక్కింటోల్లు నిన్ను చూడనీకొచ్చిన్రురా, నువ్వు పన్నవని లేపలే, గిది ఇచ్చిపోయిన్రు అని చెప్త. మంచిగ తింటడు. వానికి అందరు కావాలె. నాకు జరం గిరం వచ్చిందంటె అందరికన్న ముందల వాడే అంటడు, పోయి చెప్దాం అమ్మా, బ్రెడ్డు తెస్తరు అని." కాసేపు కిటికీ వైపు చూసింది. "నేను పోయినంక వానికి గా అబద్ధం ఎవలు చెప్తరు?"

ఆమెకున్న ఒకే ఒక్క భయం అది. చావు భయం కాదు. తను లేకపోతే కొడుకును ఏదో ఆశ్రమంలో పడేస్తారనీ, లేకపోతే ఊరికి తీసుకెళ్లి మందులు ఆపించి మళ్లీ తాయెత్తులు కడతారనీ. తమ్ముడు మంచివాడే. కానీ ఆ జబ్బుకు మందు ఉందని అతను ఏనాడూ నమ్మలేదు. నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె నా చేతిలో ఒక బ్రెడ్డు ప్యాకెట్టు పెట్టి, "తీస్కపో, పాడైతది" అంది.

ఇంటికొచ్చింది, మళ్లీ పొయ్యి వెలిగించింది. కొన్ని వారాలే. రెండోసారి నొప్పి వచ్చినప్పుడు ఇక తిరిగి రాలేదు.

ఊళ్లో ఆమె ఇల్లు కూలిపోయి చాలా కాలమైంది. అందుకని ఇక్కడే మట్టి చేశారు. మూడో నాడు పిట్టకు పెట్టారు. తెలియనివాళ్లకు చెప్తాను. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన బొంద దగ్గర విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాళ్ల మనసు నిమ్మళించినట్టు. రాకపోతే వాళ్లకు ఏదో దిగులు, ఫికర్ ఉన్నట్టు. అప్పుడు సొంతవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఆ ఫికర్ ఏమిటో పైకి చెప్పి, మేం చూసుకుంటామని మాట ఇవ్వాలి.

ఆ స్థలం చుట్టూ ఇప్పుడు అంతా టవర్లే. ఒకవైపు కొత్తది లేస్తోంది, దాని నెత్తిమీద పెద్ద క్రేన్. విస్తరిలో మాంసం కూర, కల్లు, చాయ్, అన్న తన చేత్తో తిప్పిన జొన్నరొట్టె. పావురాలు వచ్చి దూరంగా దిగాయి. కాకి రాలేదు. ఎండ ముదిరింది.

తమ్ముడు ముందుకు వెళ్లి, పెద్దకర్మ ఘనంగా చేస్తానన్నాడు. కాకి రాలేదు. ఊళ్లో ఆమె పేరు మీద అన్నదానం చేస్తానన్నాడు. రాలేదు. అందరికీ తెలుసు ఆమె ఫికర్ ఏమిటో. ఆ ఫికర్ అక్కడే, మట్టి మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఎవరూ అతని పేరెత్తలేదు. చివరికి తమ్ముడే మా వైపు తిరిగి, నెమ్మదిగా, న్యాయం అడుగుతున్నట్టు అన్నాడు. "నేనేం చెయ్యాలె చెప్పుండ్రి. ఒక్కడు గదిల ఎట్లుంటడు? యాడన్న ఆశ్రమంల ఏద్దామంటె నన్నే తిడ్తరు. గిది బాగయ్యే రోగమా?"

"అయితది" అంది మా అమ్మ.

నేను తిరిగి చూశాను. అమ్మ కొంగు నోటి దగ్గర పట్టుకుని ఉంది. కొంగు తీసేసింది.

"నా బిడ్డకు అయింది. రొండేండ్ల కింద దీనికొచ్చింది కామెర్లు కాదు. తలకు సంబంధించిన డాక్టర్ కాడికే పోయినం. గోలీలు ఏసుకున్నది, లేసింది, నౌకరికి పోతున్నది. గా టైంల దీనికి బువ్వ పెట్టింది గీ అక్కనే." బొంద వైపు తిరిగింది. "అక్కా, వాడు యాడికి పోడు. నా పక్క గదిలనే ఉంటడు. మందులకు నా బిడ్డ తోల్కపోతది."

అన్నదీ నాదీ ఒకే జబ్బు కాదని నాకు తెలుసు. నాది వచ్చి పోయింది. అన్నది ఎప్పటికీ తోడుండేది, మందుతో అదుపులో ఉండేది. అమ్మకు ఆ తేడాతో పని లేదు. తన జీవితంలో ఏది బయటపడకూడదని చప్పటి కూరలు వండి, రెండేళ్లు దాచిపెట్టిందో, దాన్ని వరుస మొత్తం ముందు, ఊరి చుట్టాల ముందు, పెద్దమ్మ బొంద మీద పెట్టేసింది.

వెనక నుంచి మేస్త్రీ భార్య గొంతు. "మరి గంత పసరు తాపిస్తి గదనే నేను!"

ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వు ఆపుకోలేక కొందరు ఏడ్చారు, ఏడుస్తున్నవాళ్లు కొందరు నవ్వారు. మా అమ్మ రెండూ చేసింది. ఆ సందట్లో అన్న లేచాడు. విస్తరి దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుని, రోజూ సాయంత్రం గోలీల వేళ మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"అమ్మా, నీది లేకున్నా నాది నేను ఏస్కుంట."

మేమందరం అతన్నే చూస్తున్నాం. కాకి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. చూసేసరికి రొట్టె అంచు చిరిగి ఉంది. క్రేన్ చెయ్యి కొస మీద ఒక కాకి, ముక్కున ముక్కతో. అది ఆకలికి వచ్చిందో, మాటకు వచ్చిందో నేను చెప్పలేను. తమ్ముడు మాత్రం కండువాతో మొహం తుడుచుకుని, "నేను గూడ నెలకోపారి వచ్చి చూసిపోత" అన్నాడు.

మర్నాడు పొద్దున అన్న గది తలుపు ఎవరో తట్టారు. నేను మా గడపలో జడ వేసుకుంటున్నాను. మేస్త్రీ భార్య. చేతిలో క్యారీ బ్యాగు. అంత మాటకారి మనిషి, గొంతు బాగా తగ్గించి, "ఎట్లున్నది పానం బిడ్డా?" అంది. సంచిలోంచి బ్రెడ్డు ప్యాకెట్టు తీసి ఇచ్చింది. ఇన్నేళ్లలో అన్న కోసం ఆ తలుపు దగ్గరికి వచ్చిన మొదటి బ్రెడ్డు అది.

అన్న మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. మామూలుగా అందుకున్నాడు. అతని లెక్కలో పక్కింటివాళ్లు ఎప్పుడూ తెస్తూనే ఉన్నారు. "ఎప్పుడొచ్చినా నేను పన్నప్పుడే వస్తరు. ఇయ్యాల దొరికినవ్ అత్తమ్మా, కూసో" అన్నాడు.

మేస్త్రీ భార్య నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆమె చెప్పులు విప్పి లోపలికి పోయి కూర్చుంది.

అన్న పొయ్యి వెలిగించాడు. పెనం పెట్టాడు. ప్యాకెట్టు విప్పి బ్రెడ్డు ముక్కలు ఒక్కొక్కటే దాని మీద పరిచాడు. పక్కన పెద్దమ్మ పీట, పిండి ఎండి తెల్లగా ఉంది. తడిగుడ్డ తీసుకుని, జొన్నరొట్టెకు ఒత్తినట్టే, ప్రతి ముక్క మీదా మెల్లగా ఒత్తాడు. ఆవిరి లేచింది. లేవగానే తిప్పాడు.